చిన్న క్యాలిబర్ రైఫిళ్ల సంరక్షణ: బోల్ట్ యాక్షన్, సెమీ ఆటోమేటిక్ రకాల తులనాత్మక పరిశీలన

వ్యవసాయ పరికరాల నిర్వహణను బోధించేటప్పుడు గొర్రు, స్ప్రేయర్, పంపుసెట్టు, ట్రాక్టరు ప్రస్తావనకు వస్తాయి గాని తుపాకి రాదు. మన దేశ పరిస్థితులలో అది సహజమే. అయితే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల గొర్రెల క్షేత్రాలలోను, ధాన్యపు భూములలోను పాయింట్ 22 రైఫిల్ కూడా ఒక క్షేత్ర పరికరంగానే పరిగణింపబడుతుంది. అందుకు ముఖ్య కారణం కుందేలు. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి విక్టోరియాలోని తన బార్వన్ పార్క్ ఎస్టేటులో వేట వినోదం కోసం ఇంగ్లండు నుంచి తెప్పించిన 24 కుందేళ్ల సంతతి, సుమారు అర్ధశతాబ్ద కాలంలోనే ఆ ఖండంలో అధిక భాగానికి వ్యాపించింది. పచ్చిక బయళ్లు, లేత పైరు, నాటిన మొక్కలు వాటి పాలయ్యాయి.

కుందేళ్ల నియంత్రణలో తుపాకి స్థానం పరిమితమైనదని ముందుగానే చెప్పడం అవసరం. 1950లో విడుదల చేసిన మిక్సోమా వైరస్, 1995లో వ్యాపించిన రక్తస్రావ వ్యాధి వైరస్, బొరియలను ట్రాక్టరుతో లోతుగా చీల్చి కూల్చడం, విషపు ఎరలు, బొరియలలో విషవాయువు నింపడం ప్రధాన పద్ధతులు. వాటి తర్వాత మిగిలిన కొద్దిపాటి కుందేళ్లను ఏరివేయడానికే కాల్పులు ఉపకరిస్తాయి. ఒక్క తుపాకితోనే కుందేళ్ల సంఖ్యను అదుపులో ఉంచగలమనుకున్న రైతు, వాటి పునరుత్పత్తి వేగం ముందు ఓడిపోతాడు.

ఈ విషయంతో మన విద్యార్థులకు రెండు విధాల సంబంధం ఉంది. వ్యవసాయ కళాశాలల ఎన్‌సీసీ విభాగాలలో శిక్షణకు వాడేది పాయింట్ 22 బోల్ట్ యాక్షన్ రైఫిలే. మరొకటి, అడవిపందుల బెడద గల గ్రామాలలో విస్తరణ శాస్త్రవేత్తలకు తరచు ఎదురయ్యే ‘తుపాకి లైసెన్సు’ ప్రశ్న. దానికి సమాధానం వ్యాసంలో తర్వాత వస్తుంది. ముందు యంత్రాన్ని పరిశీలిద్దాం.

మాలిన్యం ఎక్కడి నుంచి వస్తుంది?

రెండు రకాల రైఫిళ్లలోను వాడే తూటా ఒక్కటే: 1887లో అమెరికాలోని స్టీవెన్స్ సంస్థ రూపొందించిన పాయింట్ 22 లాంగ్ రైఫిల్. పెద్ద తూటాలకు అడుగు భాగం మధ్యలో నిప్పురవ్వ పుట్టించే ప్రైమర్ వేరుగా అమర్చి ఉంటుంది. దీనిలో అలా కాదు. ఇత్తడి గుల్ల అడుగున మడత పెట్టిన అంచులోనే ప్రైమింగ్ మిశ్రమం నిండి ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపినప్పుడు మిశ్రమం మండి, లోపలి మందును అంటిస్తుంది. ఆ మిశ్రమంలో రాపిడి కోసం సాధారణంగా సన్నని గాజు పొడి కలుపుతారు. ముందుభాగాన ఉండే గుండు మెత్తని సీసంతో చేసినది. సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాముల బరువు ఉంటుంది. దానిపై మైనం వంటి కందెన పూత ఉంటుంది. గుండు వ్యాసం గుల్ల వ్యాసంతో సమానం కావడం వల్ల ఈ పూత గుల్ల లోపల దాగి ఉండదు. బయటికే ఉండి చేతికి, దుమ్ముకు అంటుతుంది.

కాబట్టి ప్రతి కాల్పులోను మసి, పూర్తిగా మండని మందు రేణువులు, సీసపు తునకలు, మైనం, గాజు పొడి అనే అయిదు పదార్థాలు విడుదలవుతాయి. ఒక పెద్ద రైఫిల్‌తో పోలిస్తే ఇంత చిన్న తూటా వదిలే మురికి ఆశ్చర్యం కలిగించేంత ఎక్కువ. రెండు రకాల రైఫిళ్ల సంరక్షణలో తేడా అంతా ఈ మిశ్రమం ఎటు పోతుందన్న దానిపైనే ఆధారపడి ఉంది.

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో చేతిపిడిని కిందికి తిప్పినప్పుడు బోల్ట్ తాళం పడుతుంది. తూటా పేలిన తర్వాత పీడనం పూర్తిగా తగ్గేవరకు అది కదలదు. వాయువులకు గొట్టం మూతి తప్ప వేరే దారి లేదు. వేటగాడు చేతితో బోల్ట్‌ను ఎత్తి వెనుకకు లాగేసరికి లోపల పీడనం శూన్యం. మురికిలో అధిక భాగం గొట్టంలోనో, గాలిలోనో కలిసిపోగా, వెనుకభాగానికి చేరేది స్వల్పం.

పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో అత్యధిక భాగం దీనికి భిన్నమైన సూత్రంపై పనిచేస్తాయి. వాటి బోల్ట్‌కు తాళం ఉండదు. బోల్ట్ బరువు, దాని వెనుక ఉన్న స్ప్రింగు బలం మాత్రమే గుల్లను చాంబర్‌లో పట్టి ఉంచుతాయి. గుండును ముందుకు నెట్టిన వాయువే గుల్లను వెనుకకు నెట్టి, దాని ద్వారా బోల్ట్‌ను కదిలిస్తుంది. ఖాళీ గుల్ల బయట పడుతుంది, స్ప్రింగు బోల్ట్‌ను తిరిగి ముందుకు తోసి మ్యాగజైన్ నుంచి కొత్త తూటాను చాంబర్‌లోకి నెడుతుంది. ఒక్కొక్క కాల్పుకు ట్రిగ్గర్‌ను ఒక్కొక్కసారి నొక్కవలసిందే; మిగిలిన పని అంతా యంత్రమే చేసుకుంటుంది. అయితే గుల్ల వెనుకకు కదలడం మొదలయ్యేసరికి లోపల కొంత పీడనం ఇంకా మిగిలి ఉంటుంది. ఆ వాయువు మసిని, రేణువులను మోసుకొని నేరుగా యంత్రభాగంలోకి చిమ్ముతుంది.

ఈ ఇబ్బంది తయారీదారులకు మొదటి నుంచీ తెలిసినదే. వించెస్టర్ సంస్థ 1903 మోడల్‌గా పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను తెచ్చినప్పుడు, అప్పటికే బజారులో దొరుకుతున్న సాధారణ తూటాలు దానిలో పట్టకుండా ప్రత్యేకమైన తూటాను రూపొందించింది. నల్లమందు నింపిన పాత తూటాలు వాడితే కొద్దిసేపటికే యంత్రం మసితో పట్టేస్తుందన్నది వారి భయం. పొగరాని మందు సర్వత్రా వాడుకలోకి వచ్చిన తర్వాతనే మామూలు లాంగ్ రైఫిల్ తూటాతో నడిచే సెమీ ఆటోమేటిక్‌లు విస్తరించాయి. 1960లో వచ్చిన మార్లిన్ మోడల్ 60, 1964లో వచ్చిన రూగర్ 10/22 వాటిలో సుప్రసిద్ధమైనవి.

శక్తి లెక్క

సంరక్షణ దృష్ట్యా అసలు కీలకం ఇక్కడ ఉంది. బోల్ట్ యాక్షన్‌ను నడిపే శక్తి మనిషి చేతిది. చాంబర్‌లో మసి పేరుకొని గుల్ల బిగుసుకుంటే చేయి కొంచెం గట్టిగా లాగుతుంది. పైగా బోల్ట్ పిడిని ఎత్తే కదలికలోనే గుల్లను సడలించే ఏర్పాటు అనేక నమూనాలలో ఉంటుంది. యంత్రం మురికి అయిందన్న సమాచారం చేతికి వెంటనే అందుతుంది.

సెమీ ఆటోమేటిక్‌ను నడిపే శక్తి 2.6 గ్రాముల గుండును నెట్టగా మిగిలిన వాయువుది. అది తూటాను బట్టి స్థిరమైనది. అవసరాన్ని బట్టి పెరగదు. ఆ కొద్దిపాటి శక్తిలోనే గుల్లను లాగడం, స్ప్రింగును నొక్కడం, సుత్తిని ఎక్కుపెట్టడం, తిరిగి వచ్చేటప్పుడు కొత్త తూటాను మ్యాగజైన్ నుంచి విడదీసి చాంబర్‌లో కూర్చోబెట్టడం జరగాలి. బోల్ట్ దారిలో పేరుకొనే ప్రతి మసి పొర ఈ లెక్కలో నుంచి కొంత ఖర్చు రాస్తుంది. ఉదయం నిరాటంకంగా పనిచేసిన రైఫిల్ అదే తూటాతో సాయంకాలానికి మొరాయించడానికి కారణం ఇదే. శబ్ద వేగానికి లోబడిన మంద్రమైన తూటాలు వాడితే ఈ ఇబ్బంది మరింత ముందుగా వస్తుంది. వాటికి మొదటి నుంచే మిగులు తక్కువ. కాల్చే వ్యక్తికి ముందస్తు సూచన ఏమీ అందదు; బోల్ట్ సగంలో ఆగిపోయినప్పుడే విషయం తెలుస్తుంది.

దీనిని బట్టి బోల్ట్ యాక్షన్‌కు సంరక్షణ అక్కరలేదనుకోవడం పొరపాటు. ఎంత నిర్లక్ష్యం చేసినా పనిచేస్తూనే ఉండడం దాని గుణమే గాక దోషం కూడా. బోల్ట్ లోపల ఫైరింగ్ పిన్, దాని స్ప్రింగు ఉండే గుల్లలో పాత నూనె ఎండి జిగురుగా మారుతుంది. దెబ్బ బలహీనపడి తూటా పేలదు. యజమాని తూటాను నిందిస్తాడు. అటువంటి రైఫిళ్లలో చాలావాటికి బోల్ట్‌ను విప్పి పాత నూనె కడిగి, పొడిగా తుడిచి, ఒక్క చుక్క పల్చని నూనెతో తిరిగి అమర్చడమే సరిపోతుంది.

గొట్టాన్ని ఎంత తరచుగా శుభ్రపరచాలి?

ఈ ప్రశ్నకు పాత పుస్తకాలు చెప్పే సమాధానం ‘ప్రతి కాల్పు తర్వాత’. ఆ నియమం ఎలా పుట్టిందో తెలుసుకోవడం విద్యార్థులకు ఉపయోగకరం. పూర్వపు ప్రైమింగ్ మిశ్రమాలలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండిన తర్వాత మిగిలేది పొటాషియం క్లోరైడ్, అనగా మనందరికీ సుపరిచితమైన మ్యూరేట్ ఆఫ్ పొటాష్. ఎరువు చల్లే యంత్రాన్ని కడగకుండా వదిలితే ఏమవుతుందో మనకు తెలుసు. గాలిలోని తేమను పీల్చుకున్న ఆ లవణం తుపాకి గొట్టాన్ని కూడా అలాగే తినివేసేది. అందుకే నాటి సైనికులు వేడినీటితో గొట్టం కడిగేవారు. 1920ల చివరి నుంచి తుప్పు పట్టించని ప్రైమర్లు పాయింట్ 22 తూటాలలోకి ప్రవేశించడంతో ఆ కారణం తొలగిపోయింది. నియమం మాత్రం నిలిచిపోయింది.

నేటి తూటాల విషయంలో పరిస్థితి దాదాపు తలకిందులైనది. మెత్తని సీసపు గుండు, మైనపు పూత గొట్టాన్ని అరగదీయవు. మితిమీరిన శుభ్రతే దాన్ని చెడగొడుతుంది. ఉక్కు కడ్డీని గొట్టం మూతి నుంచి దూర్చి పదే పదే ఆడిస్తే, కడ్డీ వంగి మూతి అంచును ఒక పక్కగా ఒరుసుకుంటుంది. గుండు గొట్టాన్ని విడిచే చివరి క్షణంలో దాని చుట్టూ వాయువు సమంగా వెలువడాలి. అంచు ఒక వైపు అరిగితే గుండు పక్కకు తోయబడుతుంది. స్ప్రేయర్ నాజిల్ రంధ్రాన్ని ఇనుప తీగతో పొడవవద్దని రైతులకు మనం చెప్పేది కూడా ఇందుకే.

ఈ అంశంలో బోల్ట్ యాక్షన్‌కు స్పష్టమైన ఆధిక్యత ఉంది. బోల్ట్‌ను వెనుకకు లాగి పూర్తిగా తీసివేయవచ్చు. అప్పుడు గొట్టం రెండు చివరలా తెరుచుకుంటుంది. కడ్డీని చాంబర్ వైపు నుంచే దూర్చి, మూతి వద్ద గుడ్డముక్కను తీసివేసి, కడ్డీని వెనుకకు లాగుకోవచ్చు. లోపల వెలుతురు చూడవచ్చు. రూగర్ 10/22 వంటి సెమీ ఆటోమేటిక్‌ల యంత్రపు పెట్టె వెనుక గోడ దీర్ఘకాలంగా మూసి ఉంటూ వచ్చింది. అటువంటి వాటికి మూతి వైపు నుంచి కడ్డీ దూర్చడమో, తాడుతో లాగే పద్ధతో తప్ప గత్యంతరం లేదు. రెండింటిలో తాడే మేలు. ఎన్‌సీసీలో మనం ‘పుల్ త్రూ’ అని పిలిచే తాడు, ‘చిందీ’ అనే గుడ్డముక్క ఈ పనికి చక్కగా సరిపోతాయి. తాడును చాంబర్ వైపు నుంచి జారవిడిచి, మూతి వైపుకు నిటారుగా లాగాలి. పక్కకు లాగితే మురికి తాడు కూడా అంచును కోస్తుంది.

గొట్టం కంటే చాంబర్ ముందుభాగం ఎక్కువ శ్రద్ధ కోరుతుంది. గుల్ల ముగిసి గుండు గాడులలోకి ప్రవేశించే చోట మసి, గాజు పొడి, మైనం కలిసి గట్టి వలయంగా గడ్డకడతాయి. దానివల్ల తూటా పూర్తిగా లోపలికి పోదు, ఖాళీ గుల్ల సులువుగా రాదు. ద్రావకంలో తడిపిన కంచు బ్రష్‌ను ఆ భాగంలో కొద్దిసేపు తిప్పి, పొడి చిందీతో తుడవాలి. గొట్టాన్ని పూర్తిగా శుభ్రపరచిన తర్వాత మొదటి కొన్ని గుండ్లు గురి నుంచి చెదరడం సాధారణం. మైనపు పొర గొట్టమంతటా మళ్లీ పరుచుకొనే వరకు అంతే. లక్ష్య సాధన చేసేవారు అందుకే పోటీకి ముందు కొన్ని తూటాలు వృథాగా కాల్చుతారు. గురి తగ్గనంత వరకు, తేమ తగలనంత వరకు బోల్ట్ యాక్షన్ గొట్టాన్ని కొన్ని వందల తూటాల వరకు కదిలించనక్కరలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. సెమీ ఆటోమేటిక్ గొట్టానికీ ఇదే వర్తిస్తుంది. కాని దాని యంత్రభాగాన్ని మాత్రం ఎక్కువగా వాడిన ప్రతి రాత్రి తర్వాత తెరిచి చూడాలి.

తెరిచినప్పుడు చూడవలసిన చోట్లు తక్కువే. బోల్ట్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింది సందు, ఆ కొక్కెం కోసం గొట్టం చివర చెక్కిన గాడి, స్ప్రింగు జారే కడ్డీ, మ్యాగజైన్ పెదవులు. పాత పళ్లబ్రష్, వెదురుపుల్ల, పొడి గుడ్డ చాలు. ట్రిగ్గర్ సమూహాన్ని ముక్కలుగా విప్పవలసిన అవసరం చాలా అరుదు. చిన్న స్ప్రింగులు ఎగిరిపోయి తప్పుగా అమర్చిన ట్రిగ్గర్, మురికి ట్రిగ్గర్ కంటే ప్రమాదకరం. గొట్టం కింద పొడవాటి నాళంలో తూటాలు నింపే మార్లిన్ 60 వంటి రకాలలో నాళాన్ని కూడా తుడవాలి. అంతకు ముందు దానిలో తూటా ఏదీ మిగిలి లేదని నిర్ధారించుకోవాలి. ఇటువంటి రైఫిళ్లలో మ్యాగజైన్‌ను ఊడదీయడం ద్వారా ఖాళీ అయిందనుకోవడానికి వీలులేదు.

నూనె విషయంలో రెండు రకాల యజమానులూ ఒకే రకంగా అతి చేస్తారు. దుమ్మురేగే పొలం దారులలో వాహనంలో ఊగే రైఫిల్‌కు ఎక్కువ నూనె పూస్తే, అది ధూళిని పట్టుకొని సానరాతి ముద్దగా మారుతుంది. బోల్ట్ యాక్షన్‌లో ఆ ముద్ద చేతికి గరగరమని తెలుస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో అది పైన చెప్పిన శక్తి లెక్కను దెబ్బతీస్తుంది. జారే ఉపరితలాలపై వేలితో రుద్దినంత పలుచని పొర ఉంటే చాలు. ఫైరింగ్ పిన్ దారి దాదాపు పొడిగానే ఉండాలి. తూటాలకు నూనె ఎన్నడూ తగలరాదు.

మొరాయించినప్పుడు

సంరక్షణ లోపం ప్రాణాపాయంగా మారేది ఇక్కడే కనుక కొంత వివరంగా చెప్పవలసి ఉంది. సెమీ ఆటోమేటిక్‌లో ఖాళీ గుల్ల బోల్ట్‌కు, గొట్టానికి మధ్య ఇరుక్కున్నప్పుడు, దాని వెనుకనే పేలని తూటా ఒకటి సిద్ధంగా ఉండవచ్చు. కుందేలు పారిపోతున్నదన్న తొందరలో, చీకటిలో, చాకు మొనతో పొడిచే అలవాటు మంచిది కాదు. అంచులో ప్రైమింగ్ ఉన్న తూటా ఎక్కడ నలిగినా పేలవచ్చు. మసి వల్ల బోల్ట్ పూర్తిగా మూసుకోకముందే తూటా పేలితే, ఆధారం లేని పలుచని ఇత్తడి చిట్లి వేడి వాయువు ముఖం వైపు చిమ్ముతుంది. కంటి అద్దాలు ఇందుకే.

మరొక సందర్భం, మందు సరిగా మండక గుండు గొట్టం మధ్యలోనే ఆగిపోవడం. శబ్దం మామూలు కంటే మందంగా వస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో అప్పుడు బోల్ట్ కదలదు. అది ఒక రకంగా హెచ్చరికే. కాని కాల్చే వ్యక్తి దాన్ని మురికి వల్ల కలిగిన సాధారణ మొరాయింపుగా భావించి, చేతితో బోల్ట్ లాగి మళ్లీ కాల్చితే, రెండవ గుండు మొదటి గుండును తాకి గొట్టం ఉబ్బుతుంది లేదా పగులుతుంది. తరచు మొరాయించే రైఫిల్ యజమానికి నిజమైన హెచ్చరికను కూడా పట్టించుకోకుండా చేస్తుంది. సెమీ ఆటోమేటిక్‌ను శుభ్రంగా ఉంచుకోవడానికి ఇంతకంటే బలమైన కారణం లేదు. తూటా పేలకపోతే రెండు రకాలలోను నియమం ఒక్కటే: మూతిని సురక్షిత దిశలోనే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఆ తర్వాతనే బోల్ట్ తెరవాలి. శబ్దంలో అనుమానం కలిగితే రైఫిల్‌ను ఖాళీ చేసి గొట్టం లోపల చూడనిదే మరో తూటా పెట్టరాదు.

ఖాళీ చాంబర్‌పై ట్రిగ్గర్ నొక్కి ఆడుకోవడం కూడా మానాలి. అంచును నలిపేందుకు ఉద్దేశించిన పిన్, తూటా లేనప్పుడు అనేక నమూనాలలో చాంబర్ అంచును తాకి అక్కడ సొట్ట వేస్తుంది.

చట్టం, మన సందర్భం

1996 ఏప్రిల్‌లో టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది హత్యకు గురైన తర్వాత ఆస్ట్రేలియా రాష్ట్రాలు కుదుర్చుకున్న జాతీయ ఒప్పందం సెమీ ఆటోమేటిక్‌ను రైతు చేతి నుంచి చాలావరకు తప్పించింది. 10 తూటాలకు మించని పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్‌లు ‘సి’ తరగతిలో చేరి, వ్యవసాయ ఉత్పత్తిదారుల వంటి పరిమిత వర్గాలకు, అవసరం నిరూపించుకున్నప్పుడు మాత్రమే లభించాయి. బోల్ట్ యాక్షన్ పాయింట్ 22 సాధారణమైన ‘ఎ’ తరగతిలో ఉంది. న్యూజిలాండ్ 2019లో సెమీ ఆటోమేటిక్‌లను నిషేధించినప్పుడు 10 తూటాల లోపు పాయింట్ 22 రకాన్ని మినహాయించింది. కుందేళ్ల బెడద ఈ మినహాయింపుల వెనుక ఉన్న వాస్తవం.

మన దేశంలో పరిస్థితి వేరు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట రక్షణ కోసం ప్రస్తావించేది మూతి నుంచి మందు కూరే తుపాకిని. పాయింట్ 22 రైఫిల్‌ను అదే సెక్షన్ గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్ సభ్యుల లక్ష్య సాధనకు సంబంధించి పేర్కొంటుంది. ఇక అడవిపంది విషయానికి వస్తే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద అధీకృత అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా దాన్ని కాల్చడం నేరం. చట్టం అలా ఉంచినా, కుందేలుకు సరిపోయే 2.6 గ్రాముల గుండు అడవిపందిని చంపదు, గాయపరుస్తుంది. గాయపడిన పంది పొలంలో ఉన్న కూలీల మీదికి వస్తుంది. ‘చిన్న రైఫిల్ అయినా ఇప్పించండి’ అని అడిగే రైతుకు విస్తరణ శాస్త్రవేత్త ఈ సంగతి నిస్సంకోచంగా చెప్పి, కంచె, సౌర విద్యుత్ తీగ, సామూహిక కాపలా వైపు చర్చను మళ్లించాలి.

ఎన్‌సీసీ ఆయుధాగారాల బాధ్యత గల అధ్యాపకులకు మాత్రం సంరక్షణ నేరుగా అవసరమైన విషయం. కోస్తా జిల్లాల తేమలో బోల్ట్ యాక్షన్‌ను చెడగొట్టేది మసి కాదు, తుప్పు. వర్షాకాలంలో రైఫిల్‌ను గుడ్డ సంచిలోనో, తోలు తొడుగులోనో భద్రపరిస్తే అవి తేమను పీల్చి లోహానికి అంటిస్తాయి. బహిరంగ ర్యాక్‌లో, నేలకు ఎత్తుగా, గోడకు తగలకుండా నిలపడం మేలు. క్యాడెట్ల చేతి చెమట పడిన చోట అదే రోజు నూనె గుడ్డతో తుడవకపోతే మూడు నాలుగు రోజులలో వేలిముద్ర ఆకారంలోనే తుప్పు కనిపిస్తుంది. కొయ్య భాగం తేమకు ఉబ్బి గొట్టాన్ని పక్కకు నెట్టినప్పుడు గురి మారుతుంది. దాన్ని క్యాడెట్ తప్పుగా లెక్కించరాదు. తూటాలను రైఫిల్‌కు దూరంగా, వేరే తాళం కింద ఉంచాలి.

శుభ్రపరచిన చిందీలలో సీసం ఉంటుంది. వాటిని ఆరుబయట తగలబెట్టరాదు, ప్రాంగణంలోని ఎరువు గుంతలో వేయరాదు. మూత గల డబ్బాలో చేర్చి ప్రమాదకర వ్యర్థాలతో పాటు పంపాలి. పని ముగిసిన వెంటనే క్యాడెట్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఫలహారం పొట్లాలు తెరవడం ఆ తర్వాతనే.